గోడయు కావలియు



ఉదయగిరిలో బస్సు దిగినవారెవరైనను మొదట తలయెత్తి కొండను చూతురు. సుమారు 3,000 అడుగుల ఎత్తుగల ఆ కొండమీద, నిలువుగా చెక్కినట్లున్న బండల అంచున, పాతకోట గోడలు నేటికిని కనబడుచున్నవి. కొండమీదను క్రిందను కలిపి అక్కడ 13 కోటలుండెనని పూర్వపు గెజిటీర్లలో వ్రాయబడియున్నది. మనుష్యులు తమ క్షేమము కొరకు రాతిని నమ్ముకొనిన స్థలములలో, మన పడమటి నెల్లూరు సీమలో దీనిని మించినది లేదు. అయినను 1513లో శ్రీకృష్ణదేవరాయలు దానిని ముట్టడించి 1514లో గజపతుల చేతిలోనుండి తీసికొనెను. గోడలు నిలిచియే యున్నవి. ఆ గోడల చాటున నిర్భయముగా ఉందుమనుకొనినవారు నిలువలేదు.

ఆ కోటను చూచినప్పుడెల్ల నాకొక ప్రశ్న కలుగును. ఇల్లు కట్టు తీరునుబట్టియు వీధి వేయు తీరునుబట్టియు దొంగతనములు, దౌర్జన్యములు తగ్గునా? లేక, చెడుతనము మనుష్యుని హృదయములోనుండి బయలుదేరుచున్నది గనుక సున్నముతోను ఇటుకతోను దానికి పనియేమియు లేదా? ఇది పట్టణములలోని ఇంజనీర్లు విచారించుకొనవలసిన సంగతి అని మీరనుకొనవచ్చును. కాని మన పల్లెలలోను మందిరములు కట్టుచున్నాము, కాలనీలు వేయుచున్నాము, ప్రహరీలు లేపుచున్నాము. గనుక ఇది మన ప్రశ్నయే. దీనిని గూర్చి నేను పుస్తకములవలన నేర్చుకొనినదానికంటె నా తప్పిదమువలన నేర్చుకొనినది ఎక్కువ. ముందుగా దానిని మీయెదుట ఒప్పుకొందును.

ఉదయగిరికిని ఆత్మకూరునకును నడుమనున్న ఒక చిన్న పల్లెలో నేను కొన్ని సంవత్సరములు సంఘకాపరిగా ఉంటిని. ఒక యేట కోతపండుగకు విశ్వాసులు కానుకగా తెచ్చిన వడ్లు ఐదు బస్తాలు మందిరపు వసారాలో పెట్టితిమి. తెల్లవారి చూడగా రెండు బస్తాలు లేవు. పెద్దలు సమకూడిరి. యానాది కాలనీ పేరు మొదట ఎవరెత్తిరో నాకు జ్ఞాపకము లేదు. ఎవరును దానిని కాదనలేదని మాత్రము బాగుగా జ్ఞాపకమున్నది. అందరితో నేనును వెళ్ళితిని. వారు గుడిసె గుడిసెకు పోయి కుండలు వంచి చూచిరి, బట్టల మూటలు విప్పించిరి. నేను లోపలికి పోలేదు, దేనిని ముట్టలేదు. కాని అయ్యగారు వాకిట నిలువబడియుండుటయే ఆ వెదకుటకు అనుమతియాయెను. ఏమియు దొరకలేదు. ఆ గుడిసెలలో ఒకదాని యజమాని మా సంఘపు రైతులకే చేనికావలి ఉండువాడు. మేము అతని ఇల్లు వెదకుచున్న వేళ అతడు మా పెద్ద ఒకరి చేనియొద్ద కావలి యుండెను. అతని భార్య మూట విప్పి చూపెను.

తరువాత మేము మందిరముచుట్టు ఆరడుగుల గోడ కట్టితిమి. పై అంచున సిమెంటులో గాజు పెంకులు గ్రుచ్చితిమి. గోడ ప్రతిష్ఠకు ప్రార్థన చేసినవాడను నేనే. మరుసటి యేట మరల కోతపండుగ కానుకలు పోయెను. ఈసారి మూడు బస్తాలు, మైకు సెట్టుతో సహా పోయెను.

మందిరమునకు ఎదుట ఒక ముసలమ్మ యుండెను. రాత్రులందు ఆమెకు నిద్ర తక్కువ. వాకిట నులకమంచము వేసికొని పండుకొనెడిది. నీవు ఏమియు చూడలేదా అమ్మా, అని నేనడిగితిని.

"ఏంది చూసేది అయ్యగారూ? ముందు మంచంలో పండుకుంటే గుడి వాకిలి కనపడతా ఉండేది. పిల్లి దూరినా ఎవురది అనేదాన్ని. ఇప్పుడు గోడ కనపడతా ఉంది. లోపల పదిమంది దూరినా నాకెట్ట తెలుసుద్ది?" అనెను.

చదువరీ, ఆ మాట విని నేను సిగ్గుపడితిని. మందిరమునకు జీతములేని కావలి ఒకటి మొదటినుండియు ఉండెను. మేము రూపాయలు పోసి ఆ కావలి కన్నును మూసి, దొంగకు చాటు కట్టి యిచ్చితిమి.

ఆ ముసలమ్మ చెప్పినదానినే గొప్ప దేశముల విద్వాంసులు పెద్ద గ్రంథములలో వ్రాసిరి. అమెరికాలో జేన్ జేకబ్స్ అను రచయిత్రి 1961లో నగరముల జీవన్మరణములను గూర్చి ఒక గ్రంథము ప్రచురించెను. వీధులు క్షేమముగా నుండుట ముఖ్యముగా పోలీసులవలన కాదు; అంగడిలో కూర్చున్నవారు, కిటికీయొద్ద నిలిచినవారు, వచ్చుచు పోవుచునున్నవారు తమకు తెలియకుండగనే వీధిమీద ఉంచు చూపువలననే అని ఆమె వివరించెను. ఆమె తరువాత ఆస్కార్ న్యూమన్ అను భవన నిర్మాణ శాస్త్రజ్ఞుడు 1972లో మరియొక గ్రంథము వ్రాసెను. అతడు సెయింట్ లూయీ నగరములో ప్రూయిట్-ఐగో అను పేదల నివాసములను పరీక్షించినవాడు. అవి 1950 దశకము నడుమ పూర్తిచేయబడిన 33 భవనములు. ఒక్కొక్కటి 11 అంతస్తులు. రెండు కుటుంబములకు మాత్రమే చెందిన నడవలు శుభ్రముగాను క్షేమముగాను ఉండుటయు, ఇరువది కుటుంబములు నడుచు నడవలు ఎవరివియు కాక పాడైపోయి, చెడ్డపనులకు చోటగుటయు అతడు కనుగొనెను. అందరిదియైనది ఎవరిదియు కాకపోయెను. 1972లో ఆ భవనములను కూల్చుట ఆరంభించి, 1976 నాటికి అన్నిటిని నేలమట్టము చేసిరి.

అయితే ఇక్కడ తొందరపడి తీర్పు తీర్చకూడదు. ఆ భవనములు పాడగుటకు కట్టిన తీరొక్కటియే కారణము కాదని ఇతరులు చెప్పిరి. అక్కడి కాపురస్థులు మిక్కిలి పేదలు. వారిచ్చు అద్దెలతోనే మరమ్మతులు జరుగవలెనని నియమించిరి గనుక, లిఫ్టులు నిలిచిపోయినను గొట్టములు పగిలినను బాగుచేయుటకు పైకము చాలలేదు. నల్లజాతివారిని వేరుగా ఉంచిన పాపము దానిలో కలిసియుండెను. కాబట్టి గోడ తీరు మనుష్యుని చెడ్డవానిగా చేయునని గాని మంచివానిగా చేయునని గాని చెప్పరాదు. కాని చెడుతనమునకు తలుపు తీయుటయు తలుపు వేయుటయు కొంతవరకు గోడ చేతిలో నున్నవి. ఇది నిజము.

మన పెద్దలు ఈ సంగతి ఎరుగుదురు. ఇంటిముందు అరుగు వేసిరి. ఎదురింటి అరుగు దానికి అభిముఖముగా నుండెను. వేపచెట్టు క్రింద రచ్చబండ పెట్టిరి. నీళ్లబావియొద్ద ఊరి సంగతులన్నియు తెలిసెడివి. క్రొత్తవాడొకడు వీధిలోనికి వచ్చినయెడల నలుగురు "ఎవరు కావలె నాయనా?" అని అడిగెడివారు. ఆ ప్రశ్న మంచివానికి మర్యాద, చెడ్డవానికి అడ్డము. నేడు అరుగులు తీసి ఇనుప గేట్లు పెట్టుచున్నాము. కొన్ని ఊళ్లలో స్తంభములకు కెమెరాలు కట్టుచున్నారు. కెమెరా చూచును గాని "ఎవరు కావలె నాయనా?" అని అడుగలేదు.

పరిశుద్ధ గ్రంథము ఇల్లు కట్టుటను చిన్న సంగతిగా ఎంచలేదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టువాడు డాబాకు పిట్టగోడ కట్టవలెననియు, కట్టనియెడల ఎవడైన పడి చచ్చినప్పుడు ఆ రక్తదోషము ఆ ఇంటిమీదికి వచ్చుననియు ధర్మశాస్త్రము బోధించుచున్నది. పడినవాడు అజాగ్రత్తగా నడిచియుండవచ్చును. అయినను కట్టినవాడు లెక్క అప్పగింపవలెను. జెకర్యా ప్రవక్త 8వ అధ్యాయములో దేవుడు బాగుచేయబోవు యెరూషలేమును వర్ణించుచు, చేతికఱ్ఱ పట్టుకొనిన ముసలివారు వీధులలో కూర్చుందురనియు, మగపిల్లలును ఆడపిల్లలును ఆ వీధుల నిండ ఆడుకొందురనియు చెప్పెను. క్షేమమునకు గుర్తుగా ఆయన ఎత్తైన గోడను చూపలేదు; అరుగుమీది అవ్వను, వీధిలోని బిడ్డను చూపెను.

నెహెమ్యా గోడ కట్టలేదా, అని మీరడుగవచ్చును. కట్టెను, 52 దినములలో కట్టెను. కాని ఎట్లు కట్టెనో 3వ అధ్యాయము జాగ్రత్తగా చదివి చూడుడి. అనేకులు తమ తమ ఇండ్లకు ఎదురుగానున్న భాగమును తామే బాగుచేసిరి. అది కూలివాండ్రు కట్టిపోయిన గోడ కాదు, ప్రతివాడును తన వాకిటనుండి కాయు గోడ. ఆ గోడ లేచుచుండగనే 5వ అధ్యాయములో బీదల మొఱ్ఱ వినబడుచున్నది. గొప్పవారు తమ సహోదరులయొద్ద వడ్డి తీసికొని వారి పొలములను, బిడ్డలను పట్టుకొనుచుండిరి. శత్రువు గోడవెలుపల నుండగా దోపిడి గోడలోపల జరుగుచుండెను. నెహెమ్యా వడ్డి మాన్పించి, పొలములు తిరిగి ఇప్పించి, మరల గోడపని సాగించెను. గోడ ముగిసిన తరువాత 7వ అధ్యాయములో ఆయన చూచినదేమి? పట్టణము విశాలము, జనులు కొద్దిమంది. అందుచేత పదిమందిలో ఒకని చొప్పున చీట్లు వేసి, లోపల కాపురముంచిరి. నివసించువారు లేని గోడ కావలి కాదని ఆయన ఎరుగును.

ఇంతవరకు నేను చెప్పినది సులభముగా ఒప్పుకొనదగినదే. గోడ తగ్గించుడి, కన్ను తెరవుడి, అనుటయే. కాని ఇప్పుడు కఠినమైన మాట చెప్పవలసియున్నది. కన్నులు రెండు విధములు. ముసలమ్మ మందిరమును చూచినదియు కన్నే. మేము యానాది గుడిసెలను చూచినదియు కన్నే. ఒకటి కాపాడు కన్ను, రెండవది నేరము మోపు కన్ను.

ఈ రెండవ కంటికి ఒకప్పుడు ప్రభుత్వమే ఇండ్లు కట్టెను. ఎరుకలవారిలో అనేకులు పూర్వము సముద్రతీరమునుండి ఉప్పును, ధాన్యమును పశువులమీద వేసికొని మెట్టసీమలకు తెచ్చి అమ్ముకొని బ్రదికెడివారు. ప్రభుత్వపు ఉప్పు చట్టములవలనను రైలుబండి వచ్చుటవలనను ఆ వర్తకము చెడెను. బ్రతుకుతెరువు పోయినవారిని దొరలు నేరస్థ జాతులని పిలిచిరి. 1871లో ఉత్తరదేశమున మొదలైన ఆ చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వచ్చెను. పుట్టిన కులమునుబట్టి మనుష్యుని పేరు దొంగల పట్టీలో వ్రాసి, హాజరు పలికించి, అనుమతి చీటి లేనిదే ఊరు దాటరాదని కట్టడి చేసిరి. వారికొరకు సెటిల్‌మెంట్లు ఏర్పడెను. బాపట్లయొద్ద స్టూవర్టుపురము సాల్వేషన్ ఆర్మీవారి చేతికి వచ్చెను. మన జిల్లాలోనే కావలియొద్ద అమెరికన్ బాప్టిస్టు మిషనువారు ఎరుకల సెటిల్‌మెంటు నడిపిరి. బాడెన్ దొరగారు దానిని చూచుకొనిరి.

ఆ మిషనెరీలు దయలేనివారని నేననను. వారు పని చూపిరి, బడి పెట్టిరి, సువార్త చెప్పిరి. జెయిలుకంటె ఇది మేలని నమ్మిరి. కాని చదువరీ, నిదానించి చూడుము. నేరము జరుగకుండ ఊరినెట్లు వేయవలెనో దానికి ఇంతకంటె పూర్తియైన ఏర్పాటు ఏది? ఎవరు ఎక్కడ పండుకొనిరో, ఎవరు ఎప్పుడు లేచిరో అంతయు తెలియును. అయినను ఆ చూపులో ఒక లోపముండెను. చూచువాడు చూడబడువానికి పొరుగువాడు కాడు. మద్రాసు రాష్ట్రములో 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దుచేయబడెను. చట్టము పోయెను గాని కన్ను పోలేదు. మా పల్లెలో రెండు బస్తాలు కనబడనప్పుడు మమ్మును ఆ కాలనీకి నడిపించినది ఆ పాత కన్నే. సంఘమా, మనమే ఊరి చివర నివసించుచు, ఊరిలో ఏది పోయినను మన పల్లెమీదనే అనుమానము పడిన దినములను మరువలేదు గదా! మనలను కొలిచిన ఆ కొలతతోనే మనము ఇంకొకరిని కొలిచితిమి.

రెండవ దొంగతనము చేసినది ఎవరో కొన్ని వారములకు తెలిసెను. మా సంఘములోని ఇద్దరు కుఱ్ఱవాండ్రు. మైకు సెట్టు అమ్మబోయి పట్టుబడిరి. పెద్దలు నాయొద్దకు వచ్చి, "పోలీసులదాకా వద్దయ్యగారూ, మన పిల్లోళ్లు గదా!" అని బ్రతిమాలిరి. అది మంచి మాటయే. నేనును ఒప్పుకొంటిని, బిడ్డలను కూర్చుండబెట్టి బుద్ధి చెప్పితిమి, సొమ్ము కట్టించితిమి. కాని ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. నిరుడు ఆ గుడిసెలయొద్ద "మనవాళ్లు గదా" అను మాట ఎవరి నోటను రాలేదే! నా నోటను రాలేదే!

ఆదికాండము 4వ అధ్యాయములో దేవుడు హేబెలు ఎక్కడ అని అడిగినప్పుడు, తన తమ్మునికి తాను కావలివాడనా అని కయీను ఎదురడిగెను. అదే అధ్యాయములో కొంచెము దిగువను చదివినయెడల, ఊరు కట్టినట్లు గ్రంథములో మొదట చెప్పబడినవాడు ఆ కయీనే. తమ్మునికి కావలియుండనొల్లనివాడు తన కొరకు పట్టణము కట్టుకొనెను. భయపడువాని మొదటి ఆలోచన గోడయే. మన గోడలలో ఎన్ని ఆ పునాదిమీద లేచినవో పరీక్షించుకొందము.

దేవుడు వేయించిన పట్టణములు వేరు. పొరబాటున ప్రాణము తీసినవాడు పగతీర్చుకొనువాని చేతిలో చావకుండునట్లు ఆరు ఆశ్రయపురములు నియమింపబడెను. యొర్దానుకు ఇవతల మూడు, అవతల మూడు. వాటికి పోవు త్రోవ సిద్ధపరచవలెనని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. పారిపోయి వచ్చినవాడు గుమ్మమునొద్ద నిలిచి తన సంగతి చెప్పుకొనగా పెద్దలు విని అతనికి చోటియ్యవలెనని యెహోషువ 20వ అధ్యాయములో నున్నది. అది ఎంత చక్కని ఏర్పాటు! హత్యమీద హత్య జరుగకుండ ఆపినది గోడ ఎత్తు కాదు. త్రోవ, గుమ్మము, వినెడి చెవి. మేము ఆ కాలనీకి పోయినప్పుడు వినుటకు పోలేదు, వెదకుటకు పోతిమి.

తరువాత నేను ఒంటరిగా అక్కడికి పోయి, మూట విప్పి చూపిన ఆ స్త్రీయెదుట నిలిచి క్షమింపుమని అడిగితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "మీరు లోపలికి రాలేదు గదయ్యా" అనెను. నన్ను ఓదార్చుటకు ఆ మాట అనెనో, నా నేరము నాకు చూపుటకు అనెనో నేటికిని నాకు తెలియదు. ఆమె భర్తకు జీతమిచ్చి మందిరపు కావలి అప్పగింతమని మా పెద్దలలో ఒకరు తలంచిరి. ఆయన ఒప్పుకొనలేదు. ఆయనను నేను తప్పుపట్టలేదు.

గోడను మాత్రము నడుము ఎత్తునకు దించితిమి. గాజు పెంకులు ఏరి గోతిలో పూడ్చితిమి. గోడకు బిగించిన దీపమును వీధివైపు త్రిప్పితిమి. ముసలమ్మ మంచమునకు మరల మందిరపు వాకిలి కనబడెను.

ప్రియ సహోదరులారా, మీ సంఘములలో ఈ సంగతులు విచారించుడి. ఇల్లు కట్టునప్పుడు వీధివైపు ఒక కిటికీయైనను, కూర్చుండుటకు అరుగైనను ఉంచుడి. పంచాయతీలో దీపములు వేయుచున్నప్పుడు, వెలుతురున్న నడివీధికే ఇంకొక దీపము అడుగక, పల్లెకును కాలనీకిని పోవు చీకటి దారికి మొదట అడుగుడి. మన ఆడబిడ్డలు చీకటిలో ఊరి వెలుపలికి పోవలసిన దురవస్థ యున్నచోట కీడు పొంచియుండును. మరుగుదొడ్డి కట్టించి, నీళ్లు లేవని దానిలో కట్టెలు వేసి మూసినయెడల, పిట్టగోడ లేని డాబా వంటిదే అది. క్రొత్త ఇండ్ల స్థలములు ఇచ్చునప్పుడు బీదలను ఊరికి దూరముగా, ఎవరి కంటికిని కానరాని చోట పెట్టనియ్యకుడి. మనిషిని కనబడకుండ చేసి, తరువాత అతడు కనబడలేదని అనుమానించుట న్యాయము కాదు. ఏదైన పోయినప్పుడు, వెదకుటకు ముందు వినుడి.

ఇవన్నియు చేసినను, దేవుడు పట్టణమును కాపాడనియెడల కావలివాని మెలకువ వ్యర్థమని 127వ కీర్తన మనకు నేర్పుచున్నది. ఆ దేవుడు కావలి యుండునప్పుడు ఏ కన్నుతో చూచును? ఆయన సమస్తమును చూచుచున్నాడని మనము భయపడుదుము. కాని తండ్రి బిడ్డను చూచునట్లు ఆయన చూచుచున్నాడని గదా మన నిరీక్షణ! మన కిటికీలు తెరచి మనమును ఆ కన్నుతో పొరుగువానిని చూతుము గాక. ఈ రాత్రి మీరు తలుపు గడియ వేయుటకు ముందు ఒకసారి వాకిట నిలిచి వీధిని చూడుడి. మీ వాకిటనుండి ఎవరి ఇల్లు కనబడుచున్నది? ఎవరి ఇల్లు కనబడుటలేదు?